ఒక ఊరు వెనక్కి

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు ఎంత దూరమని ఎవరినైనా అడిగి చూడండి. కిలోమీటర్లలో మాత్రం చెప్పరు. రాళ్ల మీద రాసి ఉన్నది రెండు వందల పైచిలుకే కావచ్చు గానీ, ఆ రాళ్లను నమ్మి బయలుదేరినవాడు అనుకున్న వేళకు చేరిన దాఖలా లేదు. కరీంనగర్‌వాళ్లు "పొద్దుగాల సల్లకు ఎల్లితే పగటీలి బువ్వకు అందుకుంటవ్" అంటారు, అంటే మధ్యాహ్నం భోజనం వేళకని. ఆదిలాబాద్‌వాళ్లు "బస్సు మంచిగుంటే ఒక నిద్ర, లేకుంటే రెండు" అంటారు. నడుమ జగిత్యాల ఉంది, కోరుట్ల ఉంది, మెట్‌పల్లి ఉంది. గోదావరి దాటితే నిర్మల్, నిర్మల్ దాటితే ఘాటు రోడ్డు, ఘాటెక్కి దిగితే ఇచ్చోడ. ఇవన్నీ బస్సు ఆగడానికి ఉన్న ఊళ్లని మీరనుకుంటారు. ఫోన్లో అబద్ధం చెప్పడానికి ఇంకా ఎక్కువ పనికొస్తాయి.

ఈ అబద్ధం పాపపు అబద్ధం కాదని ముందే చెప్పేస్తున్నాను. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు పరేషాన్ కావద్దని చెప్పేది. జగిత్యాలలో చాయ్ తాగుతున్నవాడు "కోరుట్ల దాటినం" అంటాడు. ఇంట్లో చెప్పులు వెతుక్కుంటున్నవాడు "బస్సెక్కిన" అంటాడు. వినేవాళ్లేమీ అమాయకులు కారు. వాళ్లూ ఆ తొవ్వన తిరిగినవాళ్లే, వాళ్లూ చెప్పినవాళ్లే. అందుకని విన్న ఊరికి ఒక ఊరు వెనక్కి జరుపుకుంటారు. చెప్పేవాడు కలుపుతాడు, వినేవాడు తీసేస్తాడు, లెక్క సరిపోతుంది. పెళ్లై ఆదిలాబాద్ వచ్చినప్పటి నుంచీ వినోద పుట్టింటివాళ్లతో ఈ లెక్క మీదే నెట్టుకొస్తోంది.

వినోద పుట్టింది కరీంనగర్ పక్కన ఒక పల్లెలో. భర్త కైలాసానికి ఆదిలాబాద్‌లో ఎరువుల దుకాణం. ఒక్కతే బిడ్డ, సృజన. ఆ పిల్ల పెళ్లి ఈ రోజు. మాఘమాసం కదా, పట్టణంలో ఏ మూల చూసినా బాజాలే. ఊరి చివరి ఫంక్షన్ హాలులో చీకటితోనే వంటవాళ్లు పొయ్యిలు ముట్టించారు, మైకువాడు ఎవరూ అడగకముందే పాటలు మొదలుపెట్టాడు. పెళ్లికూతురి తల్లి మాత్రం తలస్నానం చేసి, పాత చీర చుట్టుకొని, చేతిలో ఫోన్ పట్టుకొని కిటికీ దగ్గర నిలబడింది.

పాత చీర ఎందుకంటే కొత్త చీర ఇంకా తొవ్వలో ఉంది గనక. ఆ దిక్కు ఆచారం అది. ఆడబిడ్డ తన కూతురి పెళ్లి చేస్తున్నదంటే తల్లిగారింటి నుంచి ఒడిబియ్యం రావాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, రవికగుడ్డ, చీర. పెళ్లి పొద్దున ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పుట్టింటివాళ్లు దోసిళ్లతో ఆ బియ్యం ఒడిలో పోస్తారు. వాళ్లు తెచ్చిన చీర కట్టుకొని ఆమె పందిట్లోకి వెళ్తుంది. చీర ఎంత పెట్టి కొన్నారని ఎవరూ అడగరు. ఎవరు తెచ్చారని అడుగుతారు.

వినోదకు తల్లిగారిల్లంటే ఇప్పుడు తమ్ముడు ఒక్కడే. బాపు ముత్యం పోయి చాలా కాలమైంది. అవ్వ ఐలవ్వ, కన్నతల్లి, రెండేళ్ల కింద పోయింది. మిగిలింది సంపత్. వాడు రాకపోయినంత మాత్రాన ముహూర్తం ఆగదు, పెళ్లీ ఆగదు. కానీ అంతమంది చుట్టాల ముందు ఈమెకు వెనక ఎవరూ లేరని తేలిపోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు, అనకపోయినా వినబడుతుంది. అవ్వ పోయిన నాటి నుంచి వినోదకు లోపల గుబులు ఇదే. పుట్టిల్లు ఉన్నట్టా, లేనట్టా?

నిజానికి సంపత్ ముందు రోజే రావాలి. పత్తి ట్రాక్టరు జమ్మికుంట మార్కెట్ యార్డు ముందు వరుసలో ఇరుక్కుంది, సరుకు కాంటా అయ్యేసరికి పొద్దుగూకింది. వాడి భార్యకు నెలలు నిండుతున్నాయి, బస్సు ప్రయాణం పనికిరాదని డాక్టరు చెప్పింది. అందుకని తెల్లవారుజాము బస్సుకు ఒక్కడే బయలుదేరి వస్తానన్నాడు.

చీకటితోనే ఫోన్ చేసింది వినోద.

"ఏడున్నవ్‌రా తమ్మీ?"

"బస్సెక్కిన అక్కా. కరీంనగర్ బస్టాండు నుంచి కదిలింది గూడ."

"చీర మర్చిపోలే గద?"

"చీర ఉన్నది, బియ్యం ఉన్నయి, కుడుకలున్నయి. నువ్వు ఫికర్ చెయ్యకు."

వినోద ఫోన్ పెట్టేసి నవ్వుకుంది. బస్సెక్కిన అన్నాడంటే ఇంకా ఇంట్లోనే ఉన్నాడన్నమాట, బియ్యంలో పసుపు కలుపుతూ ఉంటాడు. తమ్ముడి సంగతి ఆమెకు తెలియనిదా? సృజన చెవులు కుట్టించిననాడు "నిర్మల్ దాటిన" అన్నవాడు, అప్పటికి కోరుట్లలో ఎవరిదో బరాత్‌లో చిక్కుకొని బ్యాండు వింటున్నాడు. కొత్తింట్లో పాలు పొంగించిననాడు "ఊళ్లెకొచ్చిన, ఆటో మాట్లాడుతున్న" అన్నాడు. ఆ క్షణానే కైలాసం దోస్తు ఒకాయన వాణ్ణి నిర్మల్ బస్టాండులో మిర్చి బజ్జీలు తింటుండగా చూశాడు. ఇంటికొచ్చాక అడిగితే "నువ్వు ఎదురుసూసుకుంట అన్నం తినకుంట కూసుంటవని చెప్పిన అక్కా" అన్నాడు. కోపగించుకోవడానికి కూడా సందు ఇవ్వడు.

తెల్లారింది. చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నారు. అద్దం ముందు సృజనకు జడ వేస్తున్నారు. వినోద మళ్లీ ఫోన్ చేసింది.

"ఎందాక వచ్చినవ్?"

"మెట్‌పల్లి అక్కా."

"నిజంగనా?"

"నిజంగనే."

"ఒట్టు?"

"ఒట్టు అక్కా."

ఒట్టు పెట్టడం వాడికి తమలపాకు నమిలినంత తేలిక. వినోద వేళ్ల మీద లెక్క వేసుకుంది. మెట్‌పల్లి అన్నాడు కాబట్టి కోరుట్ల. పోనీ, మరీ మోసం లేదు. ఎవరో కుర్రది "అత్తమ్మా, లొకేషన్ పెట్టమనరాదు?" అని సలహా ఇచ్చింది. సంపత్ టచ్ ఫోన్ పత్తి బండి కింద పడి ముక్కలైంది, ఇప్పుడు చేతిలో ఉన్నది బటన్ల ఫోను. అందులో మాట వినడమే గొప్ప.

అప్పుడే అత్తగారు రామవ్వ వచ్చింది. ఆమె నోరు పెద్దది, మనసు మాత్రం చెడ్డది కాదు. కాకపోతే నోరు ముందు వస్తుంది, మనసు తరువాతి బస్సుకు వస్తుంది.

"ఏమే వినోదా, మీ తమ్ముడు వస్తున్నడా, ఇంకా పత్తి ఏరుతున్నడా?"

"వస్తున్నడత్తమ్మా. తొవ్వల ఉన్నడు."

"కరీంనగరోళ్లు ఎప్పుడు తొవ్వలనే ఉంటరు. చేరంగ మాత్రం నేను సూడలే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అయ్యగారు తొందరవెడ్తున్నడు. గౌరీ పూజకు ముందుగాల్నే ఒడిబియ్యం అయిపోవాలెనట. సదానందం లేడా? ఆయన గూడ నీకు అన్ననే గదా. ఆయన పోస్తే పోసినట్టు గాదా?"

సదానందం వినోద పెదబాపు కొడుకు. ఉట్నూర్‌లో ఒక హాస్టల్‌కు వార్డెన్. నిన్న సాయంత్రమే భార్యతో జీపులో వచ్చి, అడగకుండానే కూరగాయల లెక్క, కుర్చీల లెక్క భుజాన వేసుకున్నాడు. మంచి మనిషి. వరుసకు అన్నే, అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు.

"జరసేపు ఆగుదామత్తమ్మా," అంది వినోద.

మళ్లీ ఫోన్ చేయబోయి ఆగింది. ఈ తొవ్వ మీద వచ్చే కబురంటేనే ఆమెకు భయం. దానికి కారణం ఉంది.

అవ్వ పోయిననాడు ఇదే సంపత్ ఫోన్ చేశాడు. "అవ్వకు పానం జర మంచిగలేదక్కా, నిన్ను సూడాలంటున్నది. నిమ్మలంగ రా" అన్నాడు. దూరాన ఉన్న ఆడబిడ్డకు చావు కబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. బస్సులో ఒక్కతే ఏమైపోతుందోనని. కైలాసం దుకాణం మూసి వెనక నుంచి వస్తానన్నాడు, వినోద దొరికిన బస్సెక్కింది. ఇచ్చోడలో ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్నది" అన్నాడు తమ్ముడు. నిర్మల్‌లో చేస్తే "ఇప్పుడే చాయ్ తాగింది" అన్నాడు. ఆ మాటకు ఆమె ప్రాణం కుదుటపడి, బస్టాండులో దిగి బత్తాయిలు కొన్నది. జగిత్యాల దగ్గర కునుకు కూడా తీసింది. ఊళ్లో ఆటో దిగేసరికి ఇంటి ముందు టెంటు, డప్పులు. బత్తాయిల సంచి చేతిలోనే ఉంది.

అక్కడికక్కడే తమ్ముడి ఛాతీ మీద రెండు చేతులతో బాదింది. "అన్ని గంటల తొవ్వరా! నేను ఏడ్సుకుంట రావల్సిన తొవ్వ! నగుకుంట తీస్కొస్తివి గదరా! నాకు ఏడ్వనీకి తొవ్వ గూడ ఇయ్యకపోతివి!" సంపత్ తల వంచుకొని నిలబడి దెబ్బలన్నీ తిన్నాడు. అతని తప్పేమీ లేదని చుట్టుపక్కలవాళ్లే ఆమెకు సర్దిచెప్పారు. అందరూ అట్లాగే చెప్తారు కదా అన్నారు. నిజమే, అందరూ అట్లాగే చెప్తారు. ఆమె కూడా తన ఆడపడుచుకు ఒకసారి అట్లాగే చెప్పింది.

మైకులో ఎవరి పిల్లవాడో తప్పిపోయాడని చెప్పారు, దొరికాడని కూడా చెప్పారు. పూజ సామాను వచ్చింది. పెళ్లి చేయించే అయ్యగారు గడియారం చూసుకుంటూ రెండుసార్లు ఇటు తొంగిచూశాడు. ఇక ఆగలేక వినోద ఫోన్ నొక్కింది. చాలాసేపు మోగాక సంపత్ ఎత్తాడు. వెనక ఒకటే గోల, బస్సు నిండా పెళ్లి జనాలే ఉన్నట్టున్నారు.

"తమ్మీ, ఏడున్నవ్?"

"అక్కా, ఇచ్చోడ దాటిన! వస్తున్న. నా ఫోన్ల చార్జింగ్ లే..."

అంతే, మాట తెగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్.

ఇచ్చోడ దాటాడంటే ముక్కాలు గంటలో ఉంటాడు. ఒక్క క్షణం వినోద మొహం వెలిగింది. ఆ వెంటనే పాత అలవాటు లేచి కూర్చుంది. ఇచ్చోడ అన్నాడు గనక నిర్మల్. అవునవును, నిర్మల్‌లోనే ఉంటాడు. గోల కూడా బస్టాండు గోలలాగే ఉంది. పైగా చార్జింగ్ లేదనడం మరీ అనుమానం. దొరికిపోయేటప్పుడు మనుషుల ఫోన్లలో చార్జింగ్ ఉండదు.

"ఏమన్నడు?" అంది రామవ్వ గుమ్మంలోంచి.

"నిర్మల్ల ఉన్నడత్తమ్మా."

చూశారా, అక్కడే పొరపాటు జరిగింది. తీసివేత తన లోపలే జరిగిపోయిందని, ఇది ఆఖరి లెక్క అని వినోద చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. రామవ్వ మాత్రం నిన్నా మొన్నా పుట్టిందా? కోడలి తమ్ముడు నిర్మల్ అన్నాడంటే ఆమె లెక్కలో ఇంకా గోదావరి దాటలేదు. బయటికి వెళ్లి కొడుకుతో "మెట్‌పల్లిల ఉన్నడటరా" అంది. కైలాసం నిట్టూర్చాడు. బామ్మర్ది మీద ప్రేమ ఉన్నా, వాడి మెట్‌పల్లి మీద అతనికి నమ్మకం లేదు. అయ్యగారి దగ్గరికి వెళ్లి "మా బామ్మర్ది ఇంకా జగిత్యాల దిక్కే ఉన్నట్టున్నడు పంతులూ" అన్నాడు. ఇట్లా అందరూ తలా ఒకటో రెండో ఊళ్లు వెనక్కి లాగేసరికి, బస్సులో ముందుకు వస్తున్న సంపత్ హాలులో మాత్రం వెనక్కి వెనక్కి పోతున్నాడు. ఇంకా ఒకరిద్దరు ఆ కబురు మోస్తే వాడు ఇంటికే చేరి పడుకునేవాడు.

"జగిత్యాలా? అయితే ఆయన కోసం సూస్తే లగ్గం మాపటికే," అన్నాడు అయ్యగారు. "వరుసకు అన్నదమ్ములు ఎవరైనా ఉంటే కూర్చోబెట్టండి."

కైలాసం లోపలికి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "ఏం జేద్దాం వినోదా?" అన్నాడు మెల్లగా. "నువ్వు ఆగుదామంటే నేను అయ్యగారితోని మాట్లాడుత."

వినోద గోడ మీది గడియారం వైపు చూసింది. నిర్మల్ నుంచి ఘాటెక్కి దిగి రావాలి. లారీలు అడ్డం ఉంటాయి. ఎంత లెక్క వేసినా కలవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, శుభం పూట అని మింగేసింది.

"సదానందమన్నను పిలువుండ్రి," అంది.

పీట వేశారు. సదానందం చేతులు కడుక్కొని వచ్చాడు, అతని భార్య పక్కన కూర్చుంది. అప్పటికప్పుడు వంటశాల నుంచి తెచ్చిన బియ్యంలో పసుపు కలిపారు. కుడుకలు పెళ్లి సామానులోంచి తీశారు. పోసే ముందు సదానందం ఒకసారి ఆగి "చెల్లే, నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. "పొయ్యన్నా" అంది వినోద. అతను పోశాడు. బియ్యం ఒడిలో పడుతున్నాయి, ముత్తైదువులు పాడుతున్నారు, ఎవరో ఫొటో తీస్తున్నారు. వినోద చూపు మాత్రం తలుపు మీదే. తన చీర ఇప్పుడు తన పెట్టెలోంచే తీసుకొని కట్టుకోవాలి. మంచి చీరలే ఉన్నాయి పెట్టెలో. ఒక్కటీ కట్టబుద్ధి కాలేదు.

ఒడి ముడి వేసి ఆమెను లేపారు. దేవుని పటం దగ్గరికి వెళ్లి మొక్కుకొని ఇటు తిరిగింది. తలుపులో సంపత్ నిలబడి ఉన్నాడు.

భుజం మీద బియ్యం మూట, చంకలో చీర పొట్లం. వేసుకున్న తెల్ల చొక్కా భుజం నుంచి కిందికి పచ్చగా పసుపు మరకలు. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది. నవ్వుతూ లోపలికి అడుగు వేసినవాడు అక్క ఒడి చూసి ఆగిపోయాడు. బరువుగా, నిండుగా, ముడి వేసి ఉన్న ఒడి.

"పోసిండ్రా?" అన్నాడు.

ఇట్లాంటప్పుడు ముందు వచ్చేది రామవ్వ నోరే కదా.

"ఏం జేస్తం బిడ్డా, ముహూర్తం దగ్గరవడె. నువ్వేమో జగిత్యాలలనే ఉంటివి."

"జగిత్యాలనా?" సంపత్ బిత్తరపోయాడు. "ఎవ్వలన్నరు? నేను ఇచ్చోడ దాటిన అని చెప్పిన గదా!"

రామవ్వ కొడుకు వైపు చూసింది. "నన్నెందుకు సూస్తవ్? మెట్‌పల్లి అని నాకు చెప్పింది నువ్వు గాదా?" అన్నాడు కైలాసం తల్లిని చూస్తూ, సగం తన మీదకు వచ్చిన నేరం ఎటు తోయాలో తెలియక. "నాకేం ఎర్క? నీ పెండ్లం నిర్మల్ అన్నది," అంది రామవ్వ. ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు ఎంతో దూరం పోలేదు, ఎందుకంటే అందరూ ఇప్పుడు వినోదను చూస్తున్నారు.

"నాకు ఇచ్చోడ అనే చెప్పిండు," అంది వినోద. "నేనే నమ్మలే."

సంపత్ మూటను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది.

"అవ్వ పోయిననాడు నువ్వు నన్ను కొడితివి గదక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఆ దినం సంది తొవ్వల ఉన్నప్పుడు నేను ఎవ్వలికీ అబద్దం చెప్పలే. పత్తి కాడికి పోయినా, దవాఖానకు పోయినా, ఏడుంటే అదే ఊరు చెప్తున్న. మా ఇంటామె గూడ నవ్వుతది. ఇయ్యాల బస్సుల గూడ అదే అనుకున్న. మెట్‌పల్లి అంటే మెట్‌పల్లే అని అక్క సమజ్ చేసుకుంటది, నిమ్మలంగ పనులు చేసుకుంటది అని."

ఆ మాటకు వినోద గుండె కోసినట్టయింది. నిజం చెప్పలేదని వాణ్ణి అంతమందిలో కొట్టింది తనే. ఆ దెబ్బలను వాడు రెండేళ్లుగా మోస్తూ, అక్క కోసం నాలుకను కట్టేసుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నమ్మాల్సి వస్తే తను నమ్మలేకపోయింది. వాడు ఇచ్చోడ దాకా వస్తే, తనే వాణ్ణి నిర్మల్‌కు తోసింది. తరువాత అత్తగారు తోసినా, మొగుడు తోసినా వాళ్లదేముంది? మొదటి ఊరు తోసింది తనే.

"నా తప్పేరా తమ్మీ," అంది అందరూ వింటుండగా. "నిజం చెప్పమన్నది నేనే, చెవిల వేసుకోనిది నేనే." మరి ఆపుకోలేదు, శుభం పూట అని కూడా చూడలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

సదానందం ముందుకు వచ్చి సంపత్ భుజం తట్టాడు. "నేను నీ పీటకు జరసేపు కావలి ఉన్న, అంతే. రా, కూసో."

"పోసిన ఒడి మళ్ల ఇప్పుతరా?" అంది వెనక నుంచి ఎవరో ముసలామె. "కీడు గాదా?"

రామవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకొని అటు తిరిగింది. ఈసారి ఆమె మనసు కూడా అదే బస్సుకు వచ్చింది. "ఆమె తల్లిగారి చీర కట్టాల్నా వద్దా? కట్టాలె. చీర మార్చాలంటే ఒడి ఇప్పాల్నా వద్దా? ఇప్పాలె. ఇప్పినంక ఉత్త ఒడితోని పంపుతరా పెండ్లికూతురు తల్లిని? కీడు గీడు నాకు చెప్పకుండ్రి. నడువు పిల్లా, చీర మార్చుకో. ఓ అయ్యగారూ, పది నిమిషాలు ఆగితే సూర్యుడు పడిపోడు!"

అయ్యగారు ఏదో అనబోయి, రామవ్వను చూసి, మంత్రాల పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

ముదురు ఆకుపచ్చ చీర, ఎర్రంచు. కట్టుకొని వచ్చి వినోద పీట మీద కూర్చుంది. సదానందం పోసిన బియ్యం ఒక పళ్లెంలో పక్కన పెట్టారు. సంపత్ ఎదురుగా కూర్చొని మూట విప్పాడు. విప్పుతుంటే చేతులు వణుకుతున్నాయి. ముడి రాలేదు. సదానందం భార్య సాయం పట్టింది. మొదటి దోసిలి ఎత్తినప్పుడు మోచేతుల దాకా వణుకు పాకింది, నాలుగు గింజలు పీట మీద పడ్డాయి. చొక్కా పక్కకు జరిగిన చోట భుజం మీద మూట తాడు ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోయింది. అది ఒక పూట మోసిన మచ్చ. ఒడిబియ్యం మూటను నేల మీద పెట్టకూడదు, బస్సులో కాళ్లు పెట్టే చోట అసలే పెట్టకూడదు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని ఊళ్లు, అన్ని మలుపులు, ఆ ఘాటు, కిక్కిరిసిన బస్సులో నిలబడి, మూటను భుజం మీంచి దించకుండా వచ్చాడు వీడు.

వినోద అతని మణికట్టు పట్టుకుంది.

"బస్సుల సీటు దొరికిందారా?" అంది.

సంపత్ అక్క మొహంలోకి చూశాడు. ఇప్పుడు తొవ్వలో లేడు. ఇల్లు చేరాడు.

"దొరికిందక్కా. కిటికీ పక్కనే. మంచిగ నిద్రవోయిన."

వినోద అవునా అన్నట్టు తలూపింది. ఆ చేతిని వదిలి, కొంగు ఇంకాస్త వెడల్పుగా చాపి పట్టుకుంది.